ఒక్క మెతుకుతో కుండంతా తెలిసేదెప్పుడు? మహలనోబిస్ లెక్కల జీవితం

1930ల్లో ప్రపంచానికి కావలసిన గోనె సంచుల నారలో అత్యధిక భాగం బెంగాల్ పొలాల నుంచే వెళ్లేది. కానీ ఒక ఏడాదిలో బెంగాల్ రైతులు ఎన్ని ఎకరాల్లో జనపనార వేశారని అడిగితే ప్రభుత్వం దగ్గర నమ్మదగిన జవాబు ఉండేది కాదు. ఇందుకు కారణం శాశ్వత శిస్తు పద్ధతి. జమీందారు కట్టాల్సిన శిస్తు 1793లోనే ఖరారైపోయింది. ఆ తర్వాత ఏ పొలంలో ఏ పైరు ఉందో ఏటా రాసుకోవాల్సిన అవసరం సర్కారుకు లేకుండా పోయింది. రైత్వారీ అమలైన ఆంధ్ర జిల్లాల్లో కరణం ఉండేవాడు, అడంగల్ ఉండేది. అందులో తప్పులున్నా కనీసం ఒక పుస్తకమంటూ ఉంది. బెంగాల్లో అదీ లేదు. ఊరి చౌకీదారో పెద్ద మనిషో తోచినంత చెబితే, అది పై అధికారుల చేతుల్లో సవరణలు పొంది కలకత్తాలో పంట అంచనాగా వెలువడేది. ఆ అంకెను బట్టి మార్కెట్లో ధర లేచేది, పడేది. అంచనా తప్పితే దళారికి లాభించవచ్చు. నష్టం మాత్రం ఎక్కువసార్లు అప్పటికే సరుకు అమ్ముకోక తప్పని రైతుదే.

1937లో ఇండియన్ సెంట్రల్ జూట్ కమిటీ ఈ సమస్యను కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే ఒక ప్రొఫెసర్‌కు అప్పగించింది. ఆయన పేరు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ప్రతి పొలాన్నీ కొలవాల్సిన పని లేదన్నది ఆయన వాదన. పటం మీద లాటరీ తీసినట్టు కొన్ని చోట్లను ఎంచుకుని, వాటిని మాత్రం జాగ్రత్తగా చూస్తే చాలన్నారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చెప్పవచ్చని మన ఇళ్లల్లో అంటారు. అయితే కుండ అడుగున మాడి, పైన పలుకుగా ఉంటే ఏ మెతుకు పట్టుకున్నామన్నదే అసలు ప్రశ్న అవుతుంది. మహలనోబిస్ జీవితంలో సగానికి పైగా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో పుట్టారు. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్రం చదివి 1913లో ఇంగ్లండ్ వెళ్లారు. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లి, లండన్ తిరిగి వెళ్లే చివరి రైలు తప్పిపోయి, మిత్రుడి ఇంట్లో రాత్రి గడిపి, మర్నాడు కింగ్స్ కాలేజీలో సీటు సంపాదించుకున్నారని ప్రతీతి. అక్కడే రామానుజన్‌తో స్నేహం కుదిరింది. 1915లో చదువు ముగించుకుని ఇంటికి బయల్దేరేసరికి యుద్ధం వల్ల ఓడ ఆలస్యమైంది. ఖాళీగా ఉన్న ఆ రోజుల్లో కాలేజీ లైబ్రరీలో ఒక అధ్యాపకుడు ఆయనకు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు చూపించారు. మహలనోబిస్ ఆ సెట్టంతా కొనుక్కుని ఓడలో చదువుకుంటూ వచ్చారు. భౌతికశాస్త్రానికి అవసరమైన కొలతల పద్ధతి మనుషుల ఎత్తుకూ, వానకూ, పంటకూ కూడా పనికొస్తుందని ఆయనకు అప్పుడే తోచింది.

కలకత్తాలో ఉద్యోగం భౌతికశాస్త్రంలో, మనసు గణాంకాల్లో. యూనివర్సిటీ పరీక్షల మార్కులను విశ్లేషించారు. జూలాజికల్ సర్వే డైరెక్టర్ నెల్సన్ అన్నండేల్ కోరిక మీద కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతల లెక్క తేల్చి 1922లో తొలి గణాంక పరిశోధన ప్రచురించారు. ఆ దారిలోనే ఒక సమూహానికీ మరో సమూహానికీ ఎంత తేడా ఉందో కొలిచే పద్ధతి రూపొందింది. ఈనాడు కృత్రిమ మేధ నిపుణులు సైతం వాడే మహలనోబిస్ దూరం అదే. 1926లో ఒడిశాలో వరదలు వచ్చినప్పుడు నది అడుగు మేట వేసి పైకి లేచిందనీ, కట్టల ఎత్తు పెంచాలనీ ఇంజినీర్లు చెప్పారు. దశాబ్దాల రికార్డులను పరిశీలించిన మహలనోబిస్ నది అడుగు లేవలేదని తేల్చారు. అనుభవజ్ఞుల అభిప్రాయం లెక్కకు ప్రత్యామ్నాయం కాదన్న పట్టుదల ఆయనకు ఇక్కడే గట్టిపడినట్టు కనిపిస్తుంది. కాస్త పొగరు కూడా.

1931 డిసెంబరులో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పుట్టింది. చోటు ప్రెసిడెన్సీ కాలేజీలో ఆయన గది, మొదటి ఏడాది ఖర్చు 250 రూపాయల లోపే. 1933లో సంఖ్య అనే పత్రిక మొదలైంది. జనపనార సర్వే నాటికి ఉన్న బలగం అంతే.

సరిగ్గా అప్పుడే అమెరికాలో ఒక ప్రసిద్ధ పత్రిక పరువు పోగొట్టుకుంది. 1936 అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ కోటి మందికి బ్యాలెట్ కార్డులు పంపింది, 20 లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తారని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచారు. ఆర్థిక మాంద్యంతో చితికిన దేశంలో టెలిఫోన్ డైరెక్టరీల నుంచీ, కార్ల యజమానుల జాబితాల నుంచీ పేర్లు తీసుకుంటే పేదవాడి ఓటు ఎక్కడ కనిపిస్తుంది? పైగా కార్డు అందినవారిలో నాలుగింట మూడొంతుల మంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవారు మిగతావారి లాంటివారేనని అనుకోవడానికి ఆధారం లేదు. ఎన్ని జవాబులు వచ్చాయన్న సంఖ్య చూసి మురిసిపోయేవారికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఆ తర్వాత కూడా తగల్లేదు.

బెంగాల్‌లో మహలనోబిస్‌కు ఎదురైన చిక్కు ఇంకా మొరటుది. ఎంపిక ఎంత నిష్పాక్షికంగా చేసినా ఎంచుకున్న పొలం దాకా నడిచి వెళ్లాల్సింది ఒక మనిషి. జనపనార కోతకొచ్చేది వానాకాలంలో. మోకాళ్ల లోతు నీళ్లు, జలగలు, మలేరియా. నెలకు కొద్దిపాటి జీతం తీసుకునే ఇన్వెస్టిగేటర్ చెట్టు కింద కూర్చుని ఫారం నింపేస్తే కలకత్తాలో కూర్చున్నవారికి ఎలా తెలుస్తుంది? శాంపిల్ చిన్నదైనందువల్ల వచ్చే పొరపాటును సూత్రంతో లెక్కకట్టవచ్చు. మనిషి చేతి పొరపాటుకు అలాంటి సూత్రం లేదు. ఆనాటి గణాంక శాస్త్రవేత్తల్లో చాలామంది మొదటిదాని గురించే ఆలోచించేవారు. రెండోదాన్ని కూడా కొలవాలని పట్టుబట్టింది మహలనోబిస్.

అందుకు ఆయన కనిపెట్టిన ఉపాయం చాలా మామూలుగా కనిపిస్తుంది. ఒకే ప్రాంతం నుంచి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు శాంపిళ్లు తీయాలి. రెండూ ఆ ప్రాంతమంతటా ఒకదానిలో ఒకటి అల్లుకుని పరచుకున్నట్టు ఉండాలి. రెండు వేర్వేరు బృందాలు, ఒకరి ఫారాలు మరొకరు చూడకుండా, వాటిని పూర్తి చేయాలి. రెండు బృందాల అంకెలు దగ్గరగా వస్తే కాస్త ధైర్యం. దూరంగా ఉంటే ఎక్కడో ఏదో తప్పింది, వెళ్లి చూడాలి. వ్యాపారంలో జంట పద్దు రాసేవారికి ఇందులో తర్కం వెంటనే అర్థమవుతుంది. సర్వే ఫలితంతో పాటు ఆ సర్వేను ఎంత నమ్మవచ్చో కూడా అదే సర్వే చెప్పాలి. 1941-42లో జగద్దల్ జూట్ మిల్లు కార్మికుల కుటుంబ ఖర్చులు సేకరించినప్పుడు కూడా ఇన్వెస్టిగేటర్ల మధ్య తేడాలు పట్టుకోవడానికి ఈ పద్ధతినే వాడారు.

ముందు చిన్న ప్రయోగం, దాని నుంచి నేర్చుకుని మరికాస్త పెద్దది. ఇలా నాలుగేళ్లు సాగి 1941లో సర్వే బెంగాల్ అంతటికీ విస్తరించింది. ఒక రూపాయి ఖర్చుకు ఎంత కచ్చితత్వం వస్తుందన్న లెక్క కూడా వేసుకున్నారు. తర్వాతి ఏళ్లలో ప్రభుత్వమే ఇంటింటికీ, చేనుచేనుకూ వెళ్లి పూర్తి లెక్క తీయించింది. దాని ఖర్చులో పదో వంతుతో ముగిసిన శాంపిల్ సర్వే అంకె, మిల్లుల వాడకం, ఎగుమతులు కలిపి వ్యాపారులు తేల్చిన అంకెకు దగ్గరగా వచ్చింది. వేలాది మందితో చేయించిన పూర్తి లెక్క దూరంగా నిలిచింది. శిక్షణ లేని వేల మంది కంటే శిక్షణ పొందిన వందల మంది నయమని తేలిపోయింది.

1943లో కరువు వచ్చింది. బెంగాల్లో లక్షల మంది చనిపోయారు. 1944-45లో ఇన్‌స్టిట్యూట్ 386 గ్రామాల్లో 15 వేలకు పైగా కుటుంబాలను కలిసి, కరువు మిగిల్చిన పరిస్థితిని నమోదు చేసింది. ఎవరు భూమి అమ్ముకున్నారు, ఎవరు తాకట్టు పెట్టారు, ఎవరి చేతివృత్తి పోయింది అన్నవి ప్రశ్నలు. సుమారు 2.6 లక్షల కుటుంబాలు తమ వరి భూమిని పూర్తిగా కోల్పోయాయని అంచనా వచ్చింది. అమర్త్య సేన్ సహా బెంగాల్ కరువు గురించి తర్వాత రాసిన ఆర్థికవేత్తలు ఈ సర్వే మీద ఆధారపడ్డారు. అయితే ఏ శాంపిలూ దాటలేని గోడ ఒకటి ఇక్కడ ఉంది. జవాబు చెప్పడానికి మిగిలినవారినే సర్వే అడగగలదు. ఇంటిల్లిపాదీ చనిపోయిన కుటుంబం, కలకత్తా ఫుట్‌పాత్‌ల మీదికి చేరి ఊరికి తిరిగి రాని కుటుంబం ఆ జాబితాలో ఉండవు. అందుకే ఆ సర్వే చూపిన నష్టాన్ని కనీస నష్టంగానే చదువుకోవాలి.

1940ల్లో ఆయన చుట్టూ చేరిన యువకుల్లో ఒక తెలుగువారున్నారు. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో ఎం.ఏ. చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్లి, 1941 జనవరిలో ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణకు చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు. సి.ఆర్. రావుగా ఆయన తర్వాత గురువును మించిన సిద్ధాంతకర్త అయ్యారు. మహలనోబిస్ మాత్రం మౌలికంగా పొలంలో దిగే గణాంకవేత్త. బల్ల మీద అందంగా కనిపించే సిద్ధాంతం వాన నీళ్లలో నిలుస్తుందా లేదా అన్నదే ఆయన ఆసక్తి.

ఆయన చెప్పిందల్లా నెగ్గలేదు. పంట దిగుబడి కొలతల విషయంలో వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన పి.వి. సుఖాత్మే ఆయనకు గట్టిగా ఎదురు నిలిచారు. పంట కోత ప్రయోగానికి మహలనోబిస్ బృందం చిన్న వృత్తాలు గీసి కోసేది. త్వరగా అవుతుంది, ఎక్కువ చోట్ల చేయవచ్చు. చిన్న వృత్తంలో విస్తీర్ణంతో పోలిస్తే అంచు పొడవు ఎక్కువనీ, అంచు మీద నిలిచిన మొక్కను కోసేవాడి చెయ్యి లోపలికే లాగుతుందనీ, అందుకే దిగుబడి ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుందనీ సుఖాత్మే ప్రయోగాలతో చూపించారు. 1946లో నేచర్ పత్రికలో ప్రచురించారు కూడా. పెద్ద చెక్కలు కోయాలన్నది ఆయన పట్టు. ఆ పని ఊళ్లో ఉన్న రెవెన్యూ సిబ్బందితోనే చేయించవచ్చన్నారు. మహలనోబిస్‌కు అది మింగుడుపడలేదు. ప్రత్యేకంగా శిక్షణ పొందిన సొంత సిబ్బంది లేకుండా సర్వే వద్దన్నది ఆయన పంతం. ఇద్దరి వెనుకా వారి అనుభవాలున్నాయి. గ్రామంలో పట్వారీయో కరణమో ఉన్న ప్రాంతాలు సుఖాత్మే మనసులో ఉన్నాయి. అలాంటివారే లేని బెంగాల్ మహలనోబిస్‌ది. పంట దిగుబడి వరకు చివరికి దేశం ఎక్కువగా సుఖాత్మే దారిలోనే నడిచింది. నేటికీ తెలుగు రాష్ట్రాల్లో పంట దిగుబడి తేల్చడానికి పొలాల్లో చెక్కలు కొలిచి పంట కోసి తూచే ప్రయోగాలు జరుగుతున్నాయి. ఏ చెక్కను ఎవరు ఎంచారన్న గొడవలూ జరుగుతున్నాయి.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన స్థాయి మారిపోయింది. ఐక్యరాజ్యసమితి శాంపిలింగ్ ఉపసంఘానికి అధ్యక్షత వహించారు. 1949లో కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారు అయ్యారు, అదే ఏడాది జాతీయ ఆదాయ కమిటీకి అధ్యక్షులయ్యారు. దేశ ఆదాయం లెక్కించడానికి కూర్చున్న కమిటీకి పల్లెల్లో జనం ఏం తింటున్నారో, ఎంత ఖర్చు చేస్తున్నారో తెలియదు. ఆ ఖాళీని పూరించడానికే 1950లో జాతీయ శాంపిల్ సర్వే మొదలైంది. 5 లక్షల 60 వేల గ్రామాల దేశంలో తొలి రౌండ్‌కు ఎంచుకున్నవి 1,833. అందులో 644 గ్రామాలు పుణేలోని గోఖలే ఇన్‌స్టిట్యూట్ చూసుకుంది.

ఊరు ఎంపిక కావడం ఒక ఎత్తు, ఆ ఊళ్లో ప్రశ్న అడగడం మరొక ఎత్తు. ధాన్యం ఎంత వాడారని అడిగితే ఒక చోట కుంచాల్లో చెబుతారు, మరో చోట మానికల్లో, సోలల్లో, పుట్ల లెక్కన. పక్క జిల్లాకు వెళితే అదే కుంచానికి కొలత మారుతుంది. తెలుగు పల్లెల్లోనే ఇంత ఉంటే దేశమంతటా ఎంతో ఊహించుకోవచ్చు. స్థానిక కొలతలన్నిటినీ ప్రామాణిక తూకాల్లోకి మార్చుకోవడమే ఒక పెద్ద పనైంది. అడవి ఊళ్లకు దారులు లేవు. పన్నులు వేయడానికే వచ్చారని కొన్నిచోట్ల జనం నోరు విప్పలేదు.

అడిగే ప్రశ్న రూపమే జవాబును మార్చేస్తుందని కూడా వారు త్వరలోనే గుర్తించారు. గత వారంలో ఎంత బియ్యం తిన్నారని అడిగితే ఒక అంకె వస్తుంది. గత నెలలో అని అడిగి దాన్ని వారానికి కుదిస్తే తక్కువ అంకె వస్తుంది. ఏది నిజం? కొన్ని ఇళ్లల్లో రోజూ వండే బియ్యాన్ని తూచి పోల్చి చూస్తే, నెల ప్రశ్నకు వచ్చిన జవాబే దగ్గరగా ఉందని తేలింది. మహలనోబిస్, ఎస్.బి. సేన్ 1954లో దీన్ని ప్రచురించారు. 30 రోజుల ప్రశ్న దశాబ్దాల పాటు స్థిరపడటానికి అదే ఆధారం. 1999-2000 రౌండ్‌లో ఆ ప్రశ్న పద్ధతిని కాస్త కదిపినందుకే పేదరికం నిజంగా తగ్గిందా, ప్రశ్న మారినందువల్ల తగ్గినట్టు కనిపించిందా అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నారు.

ఆయనపై విమర్శలకూ కొదవ లేదు. రెండో పంచవర్ష ప్రణాళిక నమూనా ఆయనదే. ప్రణాళిక ఫలితాలను కొలిచే సర్వే రూపకల్పన ఆయన సంస్థదే. సంస్థకు డబ్బు ఇచ్చేది ఆయన సలహా ఇచ్చే ప్రభుత్వమే. ఇది సక్రమమైన ఏర్పాటు కాదన్న అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. సంస్థను ఇంటి వ్యవహారంలా నడిపారన్న మాట దగ్గరివారి నుంచీ వినిపించింది. కానీ ఆయన సర్వేలు పాలకులకు ఎప్పుడూ అనుకూలమైన అంకెలే ఇవ్వలేదు. 1963లో లోక్‌సభలో దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారని రామ్‌మనోహర్ లోహియా, సగటు పదిహేను అణాలని నెహ్రూ వాదించుకున్నారు. ప్రణాళికా మంత్రి గుల్జారీలాల్ నందా ఏడున్నర అణాలన్నారు. సగటు ఒక్కటే చూస్తే అడుగున ఉన్నవారు కనబడరు. జనాభాను ఆదాయం వారీగా సమాన భాగాలు చేసి ఒక్కో భాగాన్ని విడిగా పోల్చే పద్ధతిని మహలనోబిస్ 1960లోనే ప్రతిపాదించి ఉన్నారు. ప్రణాళికల ఫలం ఎవరికి చేరిందో తేల్చమని ప్రభుత్వం వేసిన కమిటీకీ ఆయనే అధ్యక్షులు.

1970లో ప్రభుత్వం సర్వే పనులన్నిటినీ ఒకే సంస్థ కిందికి తెచ్చింది. రెండు దశాబ్దాలుగా శాంపిల్ రూపకల్పన, ఫలితాల పట్టికలు చూసిన ఇన్‌స్టిట్యూట్ చేతి నుంచి ఆ పని క్రమంగా జారిపోయింది. తన చేతుల మీదుగా పెరిగిన పని చివరి రోజుల్లో ఇలా దూరం కావడం ఆయనను బాధించింది. 1972 జూన్ 28న కలకత్తాలో మరణించారు. మర్నాడు ఆయనకు 79 నిండేవి. 2007 నుంచి జూన్ 29ని దేశంలో గణాంక దినంగా జరుపుతున్నారు.

ఆ గణాంక వ్యవస్థే 2017-18 వినియోగ వ్యయ సర్వే పూర్తి చేసింది. డేటా నాణ్యత సరిగా లేదంటూ 2019 నవంబరులో కేంద్రం ఆ ఫలితాలను విడుదల చేయబోమని ప్రకటించింది. తర్వాతి సర్వే 2022-23ది, ఫలితాలు 2024లో బయటికొచ్చాయి. మధ్యలో 2023లో మరో వాదం నడిచింది. 2011 జనగణన జాబితాల నుంచి ఊళ్లను ఎంచుకుంటున్నందున నేటి సర్వేల్లో పల్లెల వాటా ఎక్కువగా పడుతోందని కొందరు, అందుకు ఆధారం లేదని మరికొందరు. 2021లో జరగాల్సిన జనగణన సకాలంలో జరిగి ఉంటే ఆ వాదానికి ఇంత ఆస్కారం ఉండేది కాదు. సంపన్నుల అపార్ట్‌మెంట్ల గేటు దాటి ఇన్వెస్టిగేటర్ లోపలికి వెళ్లగలుగుతున్నాడా అన్నది మరో చిక్కు. లిటరరీ డైజెస్ట్‌కు పేదలు దొరకలేదు, ఇక్కడ ధనవంతులు దొరకడం లేదు.

జాతీయ శాంపిల్ సర్వే చాలా రౌండ్ల మూల డేటా ఫైళ్లలో ప్రతి కుటుంబం వివరాల పక్కనా ఒక చిన్న గడి ఉంటుంది. అందులో 1 అనో 2 అనో రాసి ఉంటుంది. ఆ కుటుంబం రెండు శాంపిళ్లలో దేనికి చెందిందో చెప్పే గుర్తు అది. రెండిటినీ విడివిడిగా లెక్కకట్టి పోల్చుకోవడానికి ఎవరికైనా వీలుంది, ఫైలు బయటికి ఇస్తే.